ఎదుటి పక్షాన హెలెన్ గారు

1992 జూలై ఆరవ తేదీన హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన బస్సు బెంజ్ సర్కిల్ దగ్గర దిగి, చరిత్ర ఉపన్యాసకురాలిగా మన మహిళా కళాశాలలో అడుగుపెట్టిన శ్రీమతి హెలెన్ గారు, ముప్పై నాలుగు సంవత్సరాల నిర్విరామ సేవానంతరం ఈ మాసాంతాన పదవీ విరమణ చేస్తున్నారు. ఆమె కంఠధ్వని వినిపించని వరండాను తలచుకుంటే మాకు బెంగగా ఉంది. నిజం చెప్పొద్దూ, ఆలస్యంగా వచ్చే కొందరికి కాస్త హాయిగానూ ఉంది!

ఉద్యోగంలో చేరిన కొద్దికాలానికే ఎన్.సి.సి. బాధ్యతలు స్వీకరించి, తెల్లవారుజామునే బాలికలచేత కవాతు చేయించి, ఎందరినో సైనిక సేవలకు పంపిన ఘనత హెలెన్ గారిది. అయితే ఆమెకు ఒక గట్టి పట్టుదల ఉండేది. "సైన్యం సరేనండీ, ముందువరస మాత్రం ఆడపిల్లలకొద్దు" అనేవారు. స్టాఫ్‌రూములో ఈ మాట మీద ఎన్నిసార్లు టీ చల్లారిపోయిందో! ఎవరెంత వాదించినా, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

శాఖాధిపతిగా, పిమ్మట ఉపప్రధానాచార్యులుగా ఆమె నెలకొల్పిన సంప్రదాయాలలో చర్చావేదిక ముఖ్యమైనది. అందులో ఎవరైనా సరే, తమ అభిప్రాయానికి ఎదుటి పక్షానే మాట్లాడాలి. "అవతలివాళ్ల మాట మన నోటితో అనగలిగితేనే, మన మాటకు విలువ" అన్నది ఆమె సూత్రం.

ఆ సూత్రమే 2024 జనవరిలో ఆమె మెడకు చుట్టుకుంది. ఆమె ఏకైక కుమార్తె, మన పూర్వ విద్యార్థిని డయానా, సైనికాధికారి శిక్షణకు ఎంపికై, ఫిరంగిదళమే కోరుకుంటానని భీష్మించింది. తల్లి ససేమిరా అన్నారు. "నువ్వు సరేనంటేనే వెళ్తానమ్మా" అని బిడ్డ ఆగిపోయింది. చేరవలసిన గడువు ముంచుకొస్తోంది. సరిగ్గా అప్పుడే విద్యార్థినులు ఆ విషయాన్నే చర్చకు పెట్టి, తల్లీకూతుళ్లిద్దరినీ వేదిక మీదకు పిలిచారు. నియమం ప్రకారం, స్త్రీలు యుద్ధరంగానికి వెళ్లాలని హెలెన్ గారూ, వద్దని డయానా మాట్లాడాలి.

వెనుక వరుసలో కూర్చున్న జాన్సన్ గారిని, "భార్య పక్షమా, కూతురి పక్షమా?" అని అడిగాం. "ఇంటికెళ్లి అన్నం తినాలి కదండీ" అన్నారాయన.

డయానా గడుసుది. తల్లి వంటింట్లో రోజూ చెప్పే మాటల్నే పొల్లుపోకుండా వల్లించింది. "ఆడపిల్లలు అంత బరువులు మోయలేరు" అంది.

"పరీక్ష అందరికీ ఒకటే పెట్టండి. మోసినవాళ్లు వెళ్తారు, మోయలేనివాళ్లు ఆగుతారు. అందులో ఆడేమిటి, మగేమిటి?" అన్నారు హెలెన్ గారు.

"శత్రువు చేతికి చిక్కితే?"

"మగపిల్లవాడి తల్లిని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదేం?"

సభ చప్పట్లతో మారుమోగింది. ఆఖరున డయానా గొంతు తగ్గించి, "అధ్యక్షా, ఆ పిల్లను కన్నతల్లి గుండె తట్టుకోలేదు" అంది.

హెలెన్ గారు మైకు దగ్గరకు లాక్కున్నారు.

"తట్టుకోలేదు," అన్నారు. "నిజమే. కానీ అది తల్లి భయం. దాన్ని కూతురి అసమర్థతగా చెప్పకూడదు."

బహుమతి ఆమెకే వచ్చింది. వేదిక దిగుతూ, కళ్లు తుడుచుకుంటూ, "వెళ్లవే. రోజూ ఫోన్ చెయ్యకపోయావో, అక్కడికొచ్చి చెవి మెలేస్తాను" అన్నారు. డయానా అంతమందిలో తల్లిని వాటేసుకుని బావురుమంది. నేడు లెఫ్టినెంట్ డయానా సరిహద్దున ఫిరంగుల దగ్గర విధి నిర్వహణలో ఉన్నందున ఈ సన్మాన సభకు రాలేకపోయింది. సభకు సెలవివ్వమని పై అధికారులను అడగనా అంటే, తల్లే వద్దన్నారట.

బోధనలో నిష్ఠ, వాదనలో నిజాయితీ, మందలింపులో మమకారం కలబోసిన హెలెన్ గారికి ప్రభువు సంపూర్ణ ఆరోగ్యాన్ని, దీర్ఘాయుష్షును అనుగ్రహించుగాక! బిడ్డ సెలవు మీద వచ్చిన ప్రతిసారీ గన్నవరం విమానాశ్రయానికి ఎదురువెళ్లి, "ఇంత చిక్కిపోయావేమే!" అని కేకలేసేటంత ఓపిక ఆమెకుండాలి. అలా కేకలేయడానికి ఆ బిడ్డ ప్రతిసారీ క్షేమంగా రావాలి.