నోబుయో కడుపులోని తునక

మళ్ళీ అదే మాటా కజివారా గారూ? మా ఆసుపత్రి ఆయా ఇషి గంజి గిన్నెతో రోగం మోసుకొచ్చిందని, మీ పాప నోబుయోని ఆవిడే పొట్టన పెట్టుకుందని. రేవంతా చాటారట కదా. నిన్న ఊరి స్నానాలశాలలో ఆడవాళ్ళు, అందరూ కలిసి దిగే తొట్టిలో ఇషిని దిగనివ్వలేదు. ఒంటికి సబ్బు అలాగే ఉండగా బయటికి పొమ్మన్నారు.

ఆవిడ మిమ్మల్ని ఒక్క మాటనలేదు. "డాక్టరు గారూ, ఆ పిల్ల నేను తాగిస్తే తప్ప గంజి తాగేది కాదండీ" అంది, అంతే.

మీ కోపం నాకు తెలీదా? దహనం అయ్యాక ఆ చిన్న చిన్న ఎముకల్ని పుల్లలతో ఏరి కుండలో వేసిన తండ్రి మీరు. మిమ్మల్ని నేనేమంటాను.

కానీ కాస్త వినండి. రక్తవిరేచనాలతో తీసుకొచ్చిన రోజు, పిల్ల కడుపులోని రోగక్రిమిని గాజు పళ్ళెంలో పెంచి చూశాం. యుద్ధం అయ్యాక వచ్చిన మందులు నాలుగున్నాయి మా దగ్గర. నాలుగింటికీ చచ్చింది. అందుకే కదండీ, త్వరగానే ఇంటికి పంపేస్తానని మీతో అన్నాను. ఒక్క మందే మొదలుపెట్టాను.

తేలికపడింది కూడా. లేచి కూర్చుని ఇషి చేత జడ వేయించుకుంది. తర్వాత మళ్ళీ జ్వరం, మళ్ళీ నెత్తురు. పెంచి చూస్తే అదే క్రిమి, ఈసారి నాలుగు మందులకీ చావలేదు. మేమిచ్చింది ఒకటే కదా, మిగతా మూడింటినీ ఎలా తట్టుకుంది?

మీరన్నట్టే మావాళ్ళూ అన్నారు, ఎవరో కొత్త క్రిమిని తెచ్చి అంటించారని. కాదండీ. పాత క్రిమే అది, కొత్తది కాదు.

మొదటి రోజు తీసిన విరేచనం నమూనా దాచి ఉంది. మనందరి పేగుల్లోనూ హాని చెయ్యని క్రిములుంటాయి కదా, అందులోంచి నోబుయోవి తీసి చూశాను. వాటిలో కొన్ని ఆ రోజుకే నాలుగు మందులకీ లొంగట్లేదు. వాటినీ, లొంగే రోగక్రిమినీ ఒకే గొట్టంలో కలిపి ఉంచాను. మర్నాటికల్లా రోగక్రిముల్లో కొన్నిటికి మందంటే భయం పోయింది.

మనకి వారసత్వం అంటే తల్లి నుంచి బిడ్డకి. వీటికి పక్కనున్నది ఇచ్చినా చాలు, వేరే జాతిదైనా సరే. క్రిమి ఒంట్లోదే ఏదో చిన్న తునక, నాలుగు మందుల్నీ తట్టుకునే కిటుకు అందులోనే ఉంది. ఒకదాన్నొకటి ఆనుకుంటే దాటిపోతుంది. నేనిచ్చిన మందేమో మిగతావాటిని చంపి, ఆ తునక అందుకున్నవాటికి చోటు ఖాళీ చేసి పెట్టింది.

లేదు లేదు, మీ ఇంటి తిండి తప్పూ కాదు, మీ ఆవిడ తప్పూ కాదు. మొదట ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరు చెప్పగలరు? ఇషి నమూనా కూడా తీసి పరీక్షించాం, అందులో ఆ తునక లేదు. నాదీ పరీక్షించుకున్నాను. నా కడుపులో ఉంది.

అలా చూడకండి. నా చెయ్యి పడకముందే పిల్లలో ఉందది. మీలోనూ ఉందేమో, ఈ రేవులో ఇంకెందరిలో ఉందో.

లేస్తున్నారా? మంచిది. ఇషి ఉండేది ఐసు ఫ్యాక్టరీ వెనకాల. ఆవిడ తప్పేమీ లేదని మీరు చెబితేనే జనం వింటారు.

ఈ పొద్దున ఇంకో పిల్లాణ్ణి తెచ్చారు, అదే రోగంతో. తగ్గిపోతుందా అని వాళ్ళమ్మ అడిగింది. అదే మందు మొదలుపెట్టాను కజివారా గారూ. మిగతా మూడూ అంతేగా, ఇంకేముంది నా దగ్గర.