బర్చినాయ్ గారి మీద పడిన ఒకే ఒక్క మందలింపు

మరమ్మతు బల్ల మీద విప్పి పెట్టిన యంత్రంలో, మనిషికి ఊపిరి అందించే దారి పొడవునా తారులాంటి నల్లని జిగురు పేరుకుని ఉంది. గాలిని వడకట్టే ఫిల్టరును ఎవరో చేత్తో తీసేశారు.

అదే యంత్రం, అదే జిగురు, మూడోసారి. దాన్ని ఆ బల్ల మీద విప్పి చూసినవారు శ్రీమతి బర్చినాయ్ ఎసెంగులోవా గారు. 1988 సెప్టెంబరు 5న నరీన్‌లోని మన వైద్య పరికరాల మరమ్మతు విభాగంలో చేరి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మన పెద్దక్క.

తొలి రోజుల్లో ఆమె ఎక్స్‌రే గదికే పరిమితమైనా, పాత దేశం ముక్కలై విడిభాగాల రాక నిలిచిపోయిన గడ్డుకాలంలో, మూలపడ్డ రేడియోల తీగలతో ప్రసూతి వార్డు పరికరాలను నడిపించి, ఆసుపత్రి మొత్తానికి ఆధారమయ్యారు. ఆ తరువాత, నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బున్నవారికి రాత్రంతా గాలి పంపే యంత్రాలు మన కొండ ఊళ్లకు వచ్చాక, ఇళ్లకు వెళ్లి వాటిని సరిచేసే బాధ్యతను కోరి స్వీకరించారు.

డోలోన్ కనుమ మీదుగా రాజధాని బిష్కెక్‌కు ప్రయాణికుల వ్యాను నడిపే మెదెర్‌ది ఆ నల్లబడిన యంత్రం. బిష్కెక్‌లో ఒకాయన చనిపోతే, ఆ కుటుంబం దగ్గర కొన్నది. అది మొరాయించిన మర్నాడల్లా మెదెర్‌కు స్టీరింగు ముందే రెప్పలు వాలిపోయేవి. ఒకసారి వ్యాను లోయ అంచు కమ్మీని రాసుకుంటూ పోయింది. యంత్రం సరిగా నడవకపోతే లైసెన్సు కాగితం మీద సంతకం పెట్టనని డాక్టరు తేల్చి చెప్పేశారు.

బర్చినాయ్ గారు రెండుసార్లు ఫ్యాను మార్చారు, ఇంటి కరెంటు పరీక్షించారు, బొగ్గు పొయ్యి ఉందేమోనని వెతికారు. లేదు. ఆ కనుమ దారిలో ఏ వ్యాను ఆలస్యమైందని విన్నా ఆమె చేతిలోని స్క్రూడ్రైవరు ఆగిపోయేది. మూడోసారి యంత్రాన్ని తానే మోసుకుంటూ మెదెర్ ఇంటికి వెళ్లారు.

టీ పోస్తూనే మెదెర్ భార్య కెంజె అందుకుంది. "అక్కా, ఏమీ అనుకోకండి. మీ వాళ్లు పాత సామాన్లు వేస్తున్నారని బజారంతా కోడై కూస్తోంది."

"సామాను కొత్తదేనమ్మా. ఫిల్టరు మాత్రం ఈ ఇంట్లోనే ఊడుతోంది. ఎవరు తీస్తున్నారో తెలియందే దీన్ని ఇక్కడ వదలలేను."

మెదెర్ గిరుక్కున భార్య వైపు తిరిగాడు. "నువ్వేనా? ఆ బుసబుసకి నిద్ర పట్టట్లేదని రోజూ సణిగేది నువ్వే కదా!"

"నీ గురక కన్నా దాని బుసే నయం కదయ్యా! నీ ఊపిరి నేనాపుతానా? ఇంత మాటన్నాక ఈ ఇంట్లో నేనుండను. మా అమ్మ దగ్గరికి పోతా!" కెంజె గది మూలనున్న పరుపుల దొంతరలోంచి పుట్టింటి నుంచి తెచ్చుకున్న తన పరుపు లాగేసింది.

బర్చినాయ్ గారు యంత్రాన్ని దగ్గరికి లాక్కున్నారు. యంత్రం గొట్టాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఘాటుగా ఏదో వాసన. తల తిప్పి చూశారు. మెదెర్ తండ్రి షార్షెన్ తాత టీ గిన్నెలోంచి కళ్లెత్తడం లేదు. గిన్నె పట్టుకున్న వేళ్ల కొసలు నల్లగా ఉన్నాయి.

"తాతా, నన్ను గేటు దాకా సాగనంపరూ?"

గేటు దగ్గర ఏం మాట్లాడుకున్నారో అప్పుడెవరికీ తెలియలేదు. తిరిగి లోపలికి వచ్చి ఆమె అన్నది ఇంతే. "ఫిల్టరు సరిగా బిగించనిది నేనే. కెంజెను ఏమీ అనకు."

"మూడుసార్లూనా అక్కా?"

"వయసు మీద పడుతోంది తమ్ముడూ."

ఆ మాట చీఫ్ ఇంజినీరు దాకా వెళ్లి, లిఖితపూర్వకమైన మందలింపు వచ్చింది. ఆమె దాని మీద సంతకం చేశారు. కెంజె పరుపు తిరిగి దొంతరలోకి చేరింది, మెదెర్ లైసెన్సు నిలిచింది, యంత్రం మళ్లీ చెడిపోలేదు. నిష్కళంకమైన ఆమె ఉద్యోగ జీవితంలో ఆ మచ్చ ఎలా పడిందో మనకెవరికీ అంతుపట్టనే లేదు.

ఈ అభినందన సంచిక కబురు విని షార్షెన్ తాత గత వారం మన విభాగానికి వచ్చారు. పెద్దవారు కదా, బర్చినాయ్ గారికి ఆయురారోగ్యాలు కోరుతూ దీవెన పలకమన్నాం. ఆయన దీవెనకు చాచిన అరచేతులు మళ్లీ దించేసి, తన మాటలు ఉన్నవి ఉన్నట్టు అచ్చు వేయమన్నారు.

"ముందిది రాసుకోండి. అది చచ్చినవాడి యంత్రం. వాడి ఆఖరి ఊపిరి అందులో ఉండిపోయిందని నాకు భయం. నా కొడుకు దాన్ని మూతికి తగిలించుకుని పడుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు. అందుకే గురువారం గురువారం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, కీడు పోవాలని ఘాటైన ఆర్చా చెట్టు కొమ్మలు కాల్చి ధూపం వేసేవాణ్ణి. పొగ లోపలి దాకా పోవాలని ఫిల్టరు పీకి, యంత్రం నడిపి, ధూపం పళ్లెం అది గాలి పీల్చే నోటికే పెట్టేవాణ్ణి. కోడలు తిట్లు తింటుంటే నోరెత్తలేదు. గేటు దగ్గర ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. 'ధూపం గదికి వేయండి తాతా, యంత్రాన్ని పక్కింట్లో పెట్టి' అంది, అంతే. నేను పడాల్సిన మాట తను పడింది. ఆమె ఊపిరికి అడ్డు లేకుండా, మోకాళ్లకు నొప్పి లేకుండా, మునిమనవల్ని ఎత్తుకునేదాకా బతకాలి. ఆ మందలింపు కాగితం మీద మాత్రం ఆమె పేరు కొట్టేయండి. కొడుకు ఊపిరికి మసి పూసింది నేను. నా పేరు రాయండి."