చీటీ లేని సంచి

బెంగళూరు బొమ్మనహళ్ళిలో ఫ్యాక్టరీల పాత జంబో సంచులు ఏరే గోదాము. ఆనేకల్ దగ్గరి రైతొకాయన, సంచులు ఏరుతున్న ఆమె ముందు నిలబడ్డాడు.

"ఆ తెల్లది ఇయ్యక్కా. పది క్వింటాళ్ళ రాగులు పడతాయి."

"అది ఇచ్చేది కాదప్పా. ముక్కలు చేసే మిషనుకు పోవాల."

"ఎందుకు? గట్టిగానే ఉండాది కదా."

"సరుకు పేరుండే చీటీ లేదు. ముందు దాంట్లో ఏం పోసినారో తెలీదు."

"కడిగి ఎండబెట్టుకుంటాలే."

"నేనూ అట్లే అనుకుంటిని. పోయినేడు ఒకటి ఇంటికి తీసుకుపోయి, రెండుసార్లు కడిగి బియ్యం పోస్తిని. అన్నం తిన్న రాత్రే మా పాప అంబికకు వాంతులు. మూడు దినాలు ఆస్పత్రిలో ఉండె."

"ఇప్పుడెట్లుంది పాప?"

"బాగుండాది. బడికి పోతాది. ఈ మాట మా ఓనరుకు కూడా చెప్పలేదప్పా. సంచి అడక్కుండా తీసుకుపోయింటి కదా."

"మరి నాకెందుకు చెప్తివి?"

"నువ్వూ తిండిగింజలకే అడిగితివి గదా. మైదా వచ్చిన సంచులు ఆ పక్కనుండాయి. చీటీ చూసి తీసుకో."

ఆయన ఆ తెల్ల సంచిని తిప్పి చూశాడు.

"ఇట్లాంటిదే ఒకటి పోయిన వారం సంతలో కొంటినక్కా."

"దానికి చీటీ ఉండిందా?"

"చూడలేదు. కొత్త రాగులన్నీ దాంట్లోనే పోస్తిమి."

"తిన్నారా?"

"ఇంకా లేదు. ఈ పొద్దే పిండి పట్టిస్తానన్నది మా ఆడది."

"ఫోన్ చేయప్పా. ముందు ఫోన్ చేయి."

ఆయన అప్పటికే నంబరు నొక్కుతున్నాడు.

"మారెమ్మా, యాడుండావు? మిల్లుకాడనా? పిండి పట్టించొద్దు. రాగులు వెనక్కి తీసుకో. నేను వచ్చి చెప్తా, ఎవరూ ముట్టొద్దు."