అక్క పేరు మీద

పేరు లేదంటే లేదంటారేంటి లాయరమ్మా? ఆరేళ్లు! ఆరేళ్లు ఆ మిల్లులో ఆస్బెస్టాస్ నూలు వడికాను. దూది అనుకున్నారా? రాయిని దంచి తీసిన పీచు. గదంతా తెల్లగా మంచు కురిసినట్టుండేది. ఇప్పుడేమో పియో మల్జా అనే మనిషే ఆ మిల్లులో లేదట!

ఏదీ, ఆ మిల్లు రిజిస్టర్ పేజీ ఇటు తిప్పండి. అదిగో, పైనుంచి నాలుగో పేరు. పియో బున్‌రే. నూలు విభాగం, డెబ్బై మూడు మార్చి. అది నేనే.

అలా చూడకండి. బుసాన్‌లో అప్పుడు ఇంటికొకరు చేసిన పనే. నాకు పదమూడు, పదహారు నిండందే మిల్లులో తీసుకోరు. అక్కకి పదిహేడు. అమ్మేమో మంచం పట్టింది, ఎత్తి కూర్చోబెట్టాలంటే అక్క ఉండాలి. అందుకని అక్క పేరు తగిలించుకుని నేను వెళ్లా. మేస్త్రీకి తెలీదా? తెలుసు. చేతులాడితే చాలు వాడికి, పేరేదైతే ఏం.

సాక్షులా? మీ మాట పట్టుకునే పోయిన వారం చున్‌సిమ్ ఇంటికెళ్లా. నా పక్క మిషన్ మీద చేసేది. నన్ను చూడగానే "ఒసేయ్ బున్‌రే, ఇంకా చావలేదుటే నువ్వు!" అని వాటేసుకుంది. అది వచ్చి సాక్ష్యం చెబితే ఏమంటుంది? బున్‌రే నా పక్కనే వడికిందండీ అంటుంది. నా కొంప ఇంకాస్త ముంచుతుంది.

నవ్వండి, పర్లేదు. నాకూ నవ్వొచ్చింది. నవ్వితే దగ్గు తెర, అదే గొడవ.

కాసిని మంచినీళ్లు ఇప్పించండి... చాలు, చాలు.

ఏంటీ? అంత తేలికా? "నేను ఆ మిల్లులో ఏనాడూ పనిచేయలేదు" అని అక్క రాసి ముద్ర వేస్తే సరిపోతుందా?

అబ్బే, అక్క ఇక్కడిదాకా రాలేదమ్మా. దూరం... దూరమంటే, గింహేలోనే లెండి, రైలెక్కితే గంట. ఒంట్లో బాగోదు. మీరు వెళ్తారా? వద్దు! మీకు దండం పెడతా, ఆవిడ దగ్గరికి మాత్రం వెళ్లొద్దు.

ఆ తలుపు కాస్త దగ్గరగా వేయండి.

అక్కకీ ఇదే జబ్బమ్మా. ఊపిరితిత్తుల పొరకి పట్టే ఈ కాన్సరే. నాకంటే రెండేళ్ల ముందు బయటపడింది. మిల్లు కార్మికురాలినని పరిహారానికి అర్జీ పెట్టుకుంటే చప్పున మంజూరైంది. ఎందుకవదు, రిజిస్టర్లో పేరుంటేనూ! ఆవిడ మంచం, మందులు, ముక్కుకి పెట్టిన ఆక్సిజన్, అన్నీ ఆ కాగితం మీదే నడుస్తున్నాయి.

మిల్లు గేటు తొక్కని మనిషికి ఎలా వచ్చిందంటారా? నేను తెచ్చిచ్చా.

పని దిగాక గాలి గొట్టంతో మా బట్టలు దులిపేవాళ్లు. దానికో వరస, పావుగంట నిలబడాలి. నాకేమో ఆకలి. దులుపుకోకుండానే ఇంటికి పరుగు. అక్క గుమ్మంలోనే బట్టలు విప్పించి, గోడకేసి బాది బాది దులిపి, ఉతికి ఆరేసేది. "ఏమే తెల్ల దెయ్యం, పిండిమరలో పడి లేచావా?" అనేది. ఆరేళ్లలో ఒక్క జత నేను ఉతికి ఎరగను.

పంది కొవ్వు తింటే గొంతులో దుమ్ము జారిపోతుందని శనివారం శనివారం మిల్లులో పెట్టేవాళ్లు. అక్కకి ఒక్క ముక్క తేలేదు నేను. తెస్తే మాత్రం జబ్బు ఆగేదా? ఆగదు, తెలుసు. అయినా తేవాల్సిందమ్మా. ఆవిడకీ ఆకలేసే ఉంటుంది కదా.

ఇంకోటి వినండి. అక్క అర్జీకి సాక్షి ఎవరనుకున్నారు? నేనే. "మా అక్క ఆరేళ్లు మిల్లుకెళ్లింది, నా కళ్లారా చూశా" అని నా ముద్ర నేనే గుద్దా. అప్పటికి నాకు దగ్గైనా లేదు. నా వల్ల జబ్బొచ్చింది, నా కష్టం ఫలమన్నా ఆవిడకి దక్కనీ అనుకున్నా. నలభై ఏళ్లు కిక్కురుమనకుండా కూర్చున్న రోగం, నా ముద్ర పడ్డాక లేచింది!

నిజం చెబితే అక్క కింద మంచం లాగేస్తారు, మోసం కేసు కూడా పెడతారు. చెప్పకపోతే నేను ఎవర్నీ కాదు. అడకత్తెరలో పోకచెక్కనైపోయా.

ఆవిడకి నా సంగతి తెలీదు. ఆదివారం వెళ్తే "ఇంకా తగ్గలేదుటే జలుబు?" అంటుంది. లేదంటా. తెలిసిందంటే ఆ ఆక్సిజన్ పీకేసుకుని మీ ఆఫీసుకొచ్చి నిజం చెప్పేస్తుంది. నాకు తెలుసు ఆవిడ సంగతి.

మొన్న మీరేదో అన్నారు. ఇంట్లో ఉండి ఆ దుమ్ము పీల్చి జబ్బు పడ్డవాళ్లకి వేరే చట్టం ఉందని. తక్కువే ఇస్తారు, కానీ రిజిస్టరు అక్కర్లేదని. ఆ ఫారం తియ్యండి.

తెలిసి తెలిసి అబద్ధం మీరు రాయకూడదంటారా? సరే, మీరు వినలేదనుకోండి. నేనే రాసుకుంటా. నాకు రాయడమొచ్చు, మిల్లు బడిలో నేర్పారు, అదీ అక్క పేరు మీదే.

"మా అక్క మిల్లులో పనిచేసేది. నేను ఇంటి దగ్గర ఉండేదాన్ని. తన బట్టలు ఆరేళ్లు నేనే దులిపాను, నేనే ఉతికాను."

ఇంకేం రాయాలి? రోజూనా అని అడుగుతారా?

రోజూనే. అక్కకి తీరికెక్కడిదమ్మా, పనికెళ్లేది కదా.