గనిలో ఆగిన ట్రక్కు

చిలీ ఉత్తరాన రాగి గని. వాలు దారిలో రాయి నింపుకున్న భారీ ట్రక్కు ఆగిపోయింది. దాని వెనక మరో పదకొండు. ఇంజన్ పక్కన వర్క్‌షాప్ మేస్త్రీ, మెకానిక్ అమ్మాయి నిలబడ్డారు. చేతుల్లో చెరో గట్టి ల్యాప్‌టాప్.

"నీ దాంట్లో లినక్స్ ఈరోజే తీసెయ్యమని ఆఫీసు ఉత్తర్వు. చూశావా?"

"చూశాను మేస్త్రీ. అందులో నేను రాసుకున్న రెండేళ్ల పని పోతుంది. ముందు ట్రక్కు కదలనివ్వండి."

"ఆఫీసు ఇచ్చిన ఈ కొత్తదాంతో చూద్దాం. అరే, అప్‌డేట్ అంటోంది! ఇంటర్నెట్ కావాలట."

"ఈ గోతిలో సిగ్నలా? కొండెక్కి దండం పెట్టి రండి, దొరుకుతుందేమో."

"వేళాకోళం చాలు. నీదే ట్రక్కుకి తగిలించు. గ్లవ్స్ తియ్యవా?"

"తీస్తే ఈ చలికి వేళ్లు కొయ్యబారిపోతాయి. గ్లవ్స్‌తోనే తెర పలికేలా నేనే మార్చి రాశాను. ఇదిగో, దొరికింది. బ్రేకు సెన్సర్ వైరు ఊడింది. బిగించేశా. డ్రైవర్ ఎలియాసర్‌ని కదలమనండి."

"కదిలిందే! నువ్వు రాసింది నువ్వొక్కదానివే వాడుతున్నావా?"

"అందరికీ ఇచ్చేశాను మేస్త్రీ. పెరూ గనుల వాళ్లూ వాడుతున్నారు. ఏదన్నా ఆగితే నాకే మెయిల్ రాస్తారు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా."

మేస్త్రీ వాకీటాకీ అందుకున్నాడు.

"ఆఫీసా? ట్రక్కు కదిలింది. లినక్స్ తియ్యడం లేదు. ఏంటి, పాడైతే ఎవర్ని అడగాలా? పెరూ వాళ్లు ఎవర్ని అడుగుతున్నారో ఆవిణ్ణే అడగండి. మా వర్క్‌షాప్ పిల్లే. ఇక్కడే, నా పక్కనే ఉంది."