నీళ్ల సప్పుడు

ముదిగుబ్బ చుట్టుపక్కల బోరు పడి, సర్కారు ఇచ్చే మోటారు రాక ఏళ్లకేళ్లు మూత వేసి ఉన్న పొలాలను చూసి ఆఫీసుకు చెప్పడం పవన్ కుమార్ ఉద్యోగం. రైతుల చేత తిట్లు తినడం కూడా అందులో భాగమే. ఆ పొద్దు లక్ష్మక్క చేలో నిలబడ్డాడు.

“మూత తీయక్కా, చూసి పోతా.”

“చూసేదేముందబ్బా. పోయినసారి చూస్తివి గదా. మజ్జిగ తాగు.”

“అది యాడాది కిందట. ఈ తూరి మోటారు నిజంగా వచ్చిండాది. కరెంటు లైను గూడా లాగినారు. రేపు దించేస్తారు.”

“రేపేనా?”

“ఏమక్కా, సంతోషం లేదా? మోటారు యాడ, మోటారు యాడ అని నన్ను తిట్టిపోస్తివి.”

“తిట్టింటాలే. నీళ్లుండాయని చెప్పుకో పో.”

“చూడకుండా ఎట్ల చెప్పేది? నీళ్లు లేకుంటే ఆ మోటారు తలుపుల మండలానికి పంపిస్తారు.”

“పంపద్దప్పా. మా ఇంటాయన వస్తాండాడు. బెంగళూరులో వాచ్‌మన్ పని ఇడిసేసినాడు. చీనీ తోట పెడతానని మొక్కలకు గూడా చెప్పిపెట్టినాడు.”

“గంగప్పన్న వస్తాండాడా? మంచిదే గదా. మరి మూత తీసేకి ఏమి?”

“తుప్పు పట్టింది. రాదు.”

“నేను తీస్తాలే.”

“వద్దబ్బా, చేయి కోసుకుంటావు.”

“ఇదో, వచ్చేసింది. ఒక రాయి ఇట్లియ్యి. ఏసి, సప్పుడు ఇని పోతా.”

“రాయి వద్దు.”

“ఏమి?”

“వద్దంటాండా గదా. రాయి ఏయొద్దు.”

“అక్కా, నీళ్లు ఎండిపోయినాయా?”

“నీళ్లు యాడికీ పోలేదు. అడుగున ఉండాయి.”

“మరి?”

“మోటారు వచ్చేలోపల నీళ్లు పోతాయేమోనని మా ఇంటాయనకు భయం. దినామూ పొద్దున్నే ఫోన్ చేసి, ఒక రాయి ఏసి ఇనిపీమే అనేటోడు. ఫోన్ ఈడ మూతికాడ పెట్టి ఏసేదాన్ని. గుబుక్కుమనేది. అది ఇని పనికి పోయేటోడు.”

“దినామూనా?”

“దినామూ. సన్న రాళ్లయితే ఫోన్లో ఇనపడేటివి కాదు. గుండ్లు ఏస్తి.”

“అయ్యో లక్ష్మక్కా. ఇంత సన్న బోరులో…”

“తెలీలేదబ్బా. ఒకనాడు ఏస్తే గుబుక్కుమన్లేదు. రాయి మీద రాయి పడి టక్కుమనె. నడిమధ్యన ఇరుక్కోని పేరుకుండాయి.”

“బోరు బండి పిలిపించి కడిగిస్తే?”

“పిలిపిస్తిని. కడిగేకి కాదు, కొత్త బోరు ఏసుకోమనిరి. యాడ ఏసేది, ఎవురు ఏసేది?”

“మోటారు దిగదు గదక్కా ఇంక. ఎప్పటినుంచి ఇట్ల?”

“ఉగాది ముందునుంచీ.”

“అప్పటినుంచి అన్న సప్పుడు అడగలేదా?”

“అడక్కుండా ఉంటాడా. నిన్న పొద్దున గూడా ఇన్నాడు. అది ఇన్నాకనే పని ఇడిసి బస్సెక్కినాడు.”

“ఏమి ఇన్నాడు?”

“ఇంట్లో కడవ నిండా నీళ్లు పోసి, దాంట్లో ఏస్తాండా.”