మంటకు గడి లేదు

అనంతగిరిలో పిల్లల వాద్య పోటీలు ముగిశాయి. మనవరాలికి డప్పు నేర్పిన తాత, మార్కులు వేసిన మాస్టారి బల్ల దగ్గరికి వచ్చాడు.

“మా గుంటకి సున్నా యేసేరేటి బాబూ?”

“ఇచ్చిన అయిదు నిమిషాలూ మంట దగ్గరే కూర్చుంది కదా. గడువు అయ్యాకే వాయించింది.”

“మంచుకి తోలు మెత్తబడిపోనాది. సెగకి కాపకపోతే డప్పు పలకదు.”

“మార్కుల కాగితంలో కాపడానికి గడి లేదు తాతా.”

“మరి ఫస్టు ఎవులికి?”

“ప్లాస్టిక్ డప్పు కుర్రాడికి. ఠంచనుగా మొదలెట్టి ఠంచనుగా ఆపాడు.”

“ఎలాగ వాయించేడు?”

“దానికీ గడి లేదు.”

తాత వెనుదిరిగాడు.

“ఆగు తాతా. సాయంత్రం బహుమతులివ్వడానికి వచ్చే మంత్రిగారి ముందు మీ మనవరాలే వాయించాలి.”

“సున్నా గుంటా?”

“ఆ కుర్రాడి డప్పు వినలేం. మంట మేమే వేయిస్తాం.”